తూర్పుకి తిప్పిన మెడ

అన్నం వారుస్తుంటే అత్తయ్య నా ఎడమవైపు నుంచి పిలిచారు. పిలిస్తే ఎవరైనా మెడ తిప్పి చూస్తారు. నేను గిన్నె, మూత, మసిగుడ్డ, లోపలున్న ఉడుకు గంజి, అన్నిటితో కలిపి నిలువునా తిరిగాను. గంజి కొంచెం గట్టు మీద, కొంచెం నా పాదం మీద పడింది. "తేరు తిప్పినట్టు ఆ తిరగడమేమిటే? పిలిస్తే మెడ తిప్పి చూడ్డం కూడా బరువైపోయిందా?" అన్నారావిడ. పాదం మీద చన్నీళ్ళు పోసుకుంటూ, "తిరగట్లేదు అత్తయ్యా" అన్నాను. ఉన్న మాటే చెప్పాను. "ఉద్యోగం వచ్చిన ఆడదాని మెడ ఇంట్లో వాళ్ళ వైపు ఎందుకు తిరుగుతుందిలే" అని ఆవిడ దీపం పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

ఒళ్ళు మండింది. కాలిన పాదం కంటే ఆ మాటే ఎక్కువ మండింది. కానీ నాకో పాడు గుణం ఉంది. ఎంత కోపంలో ఉన్నా ఏదైనా వింతగా కనిపిస్తే కోపం పక్కన పెట్టి దాని వెంట పోతాను. ఆ పొద్దున నాకు వింతగా తోచింది ఏమిటంటే, మెడ కుడివైపుకి శుభ్రంగా తిరుగుతోంది. భుజం మీదుగా వీధి గుమ్మం దాకా చూడగలుగుతున్నాను. ఎడమవైపుకి మాత్రం గొళ్ళెం పెట్టిన తలుపులా ఆగిపోతోంది. ఉన్నది ఒకటే మెడ కదా, ఆ పక్కకి ఒక న్యాయం, ఈ పక్కకి ఒక న్యాయం ఏమిటి? స్నానం చేస్తున్నంతసేపూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూనే ఉన్నాను. బస్సు తప్పిపోయింది.

మేం అప్పట్లో చందానగర్‌లో అద్దెకి ఉండేవాళ్ళం. మావారు రామ్మోహనరావు గారు గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు. నల్లగండ్లలో కొనుక్కున్న జాగాలో ఆ ఏడాదే ఇల్లు మొదలుపెట్టాం. పెళ్ళికి ముందు నేను చదివిన బీయస్సీ, నేర్చుకున్న టైపు, వాటి సర్టిఫికెట్లతో సహా ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. మావారి ఊరివాడు రంగనాథ్ గారు మాదాపూర్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీ పెట్టి, ఇంగ్లీషు వచ్చిన ఆడవాళ్ళెవరైనా ఉంటే పంపమన్నారట. "ఊరికే ఇంట్లో కూర్చునే బదులు వెళ్ళిరా" అన్నారు మావారు. నేను ఊరికే ఇంట్లో కూర్చున్న రోజు ఏదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తు చేసుకునే పని మానేసి ఉద్యోగంలో చేరిపోయాను.

మా కంపెనీ హైటెక్ సిటీ అన్నప్పుడు పేపర్లో వేసే ఆ గుండ్రటి అద్దాల భవనంలో ఉండేది కాదు. దాన్ని కిటికీలోంచి చూసి సంతోషపడేంత దూరంలో, ఒక మూడంతస్తుల ఇంటి పైభాగంలో ఉండేది. పని ఏమిటంటే, అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక ఆ వివరాలన్నీ గబగబా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ గొంతు ఇక్కడ మా హెడ్‌ఫోన్లలోకి వస్తుంది. మేం విని టైపు చేసి పంపాలి. కాలి కింద కుట్టుమిషన్‌కి ఉన్నట్టు ఒక పెడల్ ఉంటుంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలేస్తే ఆగిపోతాడు. కాలు తీసేస్తే మగవాడు నోరు మూసుకునే సదుపాయం నా జీవితంలో అక్కడే మొదటిసారి చూశాను.

ఆ పని నాకు ప్రాణమైపోయింది. ఎక్కడో మంచు పడే ఊళ్ళో ఒక ముసలాయన మెట్ల మీద జారిపడ్డాడు. ఇంకెక్కడో ఒకావిడకి మోకాలు వాచింది, కుక్కని తిప్పడానికి వెళ్ళలేకపోతోంది. ఎవరో ఏమిటో తెలియదు, వాళ్ళ ఎముకలు మాత్రం నాకు తెలుసు. ఇంట్లో నలుగురి మధ్య తిరుగుతూ ఎవరి సంగతీ తెలియని నాకు, ఆ హాల్లో కూర్చుని లోకం మొత్తాన్ని తలుపు సందులోంచి చూస్తున్నట్టుండేది. అలాంటి పని పోతుందేమోనన్న భయం మెడనొప్పితో పాటే మొదలైంది.

మావారు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు నా మెడ నొక్కి చూసి, "ఏం చేస్తుంటారు?" అని అడిగాడు. అడిగింది మావారిని. ఆయన తన ఉద్యోగం చెప్పారు. డాక్టరు తలూపి, నావైపు తిరిగి, "పిల్లలెంతమందమ్మా?" అన్నాడు. ఒక అమ్మాయి, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది అన్నాను. బిళ్ళలు రాసి, పూసుకోవడానికి మందు రాసి, మెడకి పట్టీ పెట్టుకోమని, బరువులెత్తొద్దని చెప్పాడు. నొప్పి నాదైతే ఉద్యోగం మావారిది ఎందుకు చెప్పాల్సి వచ్చిందో స్కూటర్ మీద ఇంటికొచ్చేదాకా ఆలోచించాను.

"చూశావా, రెండూ నీ వల్ల కాదని నేను ముందే అన్నాను" అన్నారు మావారు ఇంటికి రాగానే. ఆయన ముందే అనలేదు, కానీ అన్నట్టే చెప్పారు. "ఇల్లూ ఉద్యోగం అంటే ఆడమనిషి తట్టుకోలేదు ఉమా. అక్కడ గోడలు లేస్తున్నాయి, నీళ్ళు పట్టడానికి మన మనిషంటూ ఒకరుండాలి. ఒకటో తారీఖు నుంచి మానేయ్. నీ మెడకోసమే చెబుతున్నా." కొత్తగా కట్టిన గోడ గట్టిపడాలంటే పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉండాలి. అప్పటికే ఆదివారాలు ఆ పని నాదే. డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి, బిందె చంకన పెట్టుకుని, గోడ వెంట నడుస్తూ చిలకరిస్తుంటే మావారు మేస్త్రీతో మాట్లాడుతూ ఉంటారు. బరువులెత్తకూడని నా మెడకోసం రోజూ రెండు పూటలా బిందెలు మోయమంటున్నారన్న సంగతి ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది కానీ నోరెత్తలేదు. మా ఇంట్లో నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు, మాట్లాడితే గొడవ పెట్టుకున్నట్టు.

మర్నాడు మెడకి పట్టీ కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. రంగనాథ్ గారు చూసి, "అయ్యయ్యో, ఏమైందమ్మా?" అని నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవారు కాదు. "మీ ఆడవాళ్ళు ఇంట్లో చాకిరీ అంతా చేసి అలిసిపోయి వస్తారు పాపం. ఇక్కడేముంది, ఏసీలో కూర్చుని వేళ్ళు ఆడించడమేగా. ఇంటి పని కాస్త తగ్గించుకో" అన్నారు. ఇంట్లో వాళ్ళేమో ఆఫీసు మానమంటారు, ఆఫీసులో వాళ్ళేమో ఇంటి పని తగ్గించుకోమంటారు. ఇద్దరూ నా మెడ మీద జాలిపడేవాళ్ళే. నేను ఎలా పనిచేస్తున్నానో ఒక్క క్షణం ఆగి చూసిన వాళ్ళు మాత్రం లేరు. అసలు నేనైనా చూశానా అని అప్పుడే మొదటిసారి అనిపించింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ పట్టీ చేసిన మేలు మందులు చెయ్యలేదు. నా మెడ చూడగానే రేఖ టిఫిన్ డబ్బా మూత పక్కన పడేసి, "అక్కా, నీక్కూడనా?" అంది. రేఖది నానక్‌రామ్‌గూడ. హాల్లో నాకు ఎదురు వరసలో, వీపు నావైపు పెట్టి కూర్చుంటుంది. "నాకు సంక్రాంతి ముంగట సంది గుంజుతుంది. మా అత్త ఏమంటదో ఎర్కనా? దిండు ఎత్తుగ పెట్టుకుంటున్నవ్, గందుకే పట్టింది అన్నది. దిండు తీసేసిన. ఇగ ఇప్పుడు దిండు లేదు, నొప్పి మాత్రం గట్లనే ఉన్నది." అందరూ నవ్వారు, నవ్వుతూనే ఒక్కొక్కరూ బయటపడ్డారు. ఒకరికి తలంటుకోకపోవడం వల్లనట. ఒకరికి స్కూటర్ వెనక ఒకవైపుగా కూర్చోవడం వల్లనట. ఒకావిడకి ఎవరి దిష్టో తగిలిందని వాళ్ళమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసిందట. అందరికీ నొప్పి ఉంది, అందరికీ ఇంట్లో ఒక కారణం చెప్పి పంపించారు. ఆ కారణం ఏదైనా అందులో తప్పు మాత్రం ఆ పిల్లదే.

"నీకు ఏ వైపు?" అని రేఖని అడిగాను. ఏదో ఊరికే అడిగాను. "కుడి దిక్కు" అంది. నాది ఎడమ. నా పక్క సీటు ఆవిడని అడిగితే ఎడమ అంది. ఆ పక్కావిడా ఎడమే. నాకు అన్నం సహించలేదు. డబ్బా పట్టుకుని లేచి బల్ల చుట్టూ తిరిగి అందర్నీ అడిగాను, చందాలు వసూలు చేస్తున్నదానిలా. మా వరసలో ప్రతివాళ్ళకీ ఎడమవైపే. రేఖ వాళ్ళ వరసలో ప్రతివాళ్ళకీ కుడివైపే. దిష్టి తగిలితే అది వరసల ప్రకారం తగులుతుందా? అత్తగార్లందరూ ముందే మాట్లాడుకుని కోడళ్ళని కుడీ ఎడమా పంచుకున్నారా? రేఖ నావైపు అదోలా చూసి, "అక్కా, జర కూసో, నీ మెడ సంగతేమో గానీ నీ తలకాయకేదో అయితున్నది" అంది.

ఆ రెండు రోజులూ నాకు వేరే ధ్యాస లేదు. బస్సులో కండక్టర్ని చూశాను, సంచీ తగిలించుకున్న భుజం కిందికి జారి ఉంది. మా వీధి చివర దర్జీ నిటారుగా నిలబడినా తల మిషన్ మీదికి వాలే ఉంది. నల్లగండ్లలో ఇటుకలు మోసే ఆడవాళ్ళ మెడ కర్రలా నిలబడి ఉంది, నడుం మాత్రం అరిగిపోయింది. లోకంలో ఎవరి ఒళ్ళు చూసినా వాళ్ళు చేసే పని అచ్చు గుద్దినట్టు కనిపించడం మొదలైంది. మరి మేం పన్నెండు మందిమి చేసేది ఒకటే పని. అచ్చు రెండు రకాలుగా ఎలా పడింది?

జవాబు చెవిలోనే పడింది. హెడ్‌ఫోన్లో ఒక డాక్టరు, టెలిఫోన్లు అందుకునే ఉద్యోగం చేసే ఒకావిడ గురించి చెబుతున్నాడు. ఆవిడకి భుజం నొప్పి. ఎప్పటి నుంచి, ఎలాంటి నొప్పి అన్నీ అయ్యాక, ఆవిడ కుర్చీ ఎటు ఉంటుంది, ఫోను ఏ పక్కన ఉంటుంది, రోజంతా ఎటు తిరిగి ఉంటుంది అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నానని చెప్పాడు. నేను పెడల్ మీంచి కాలు తీసేశాను. నా మెడ తప్ప మిగతా ఒళ్ళంతా తిప్పి హాలు వంక చూశాను. మా వరసలో అందరి తలలూ కుడికి తిరిగి ఉన్నాయి. ఎదురు వరసలో అందరి తలలూ ఎడమకి తిరిగి ఉన్నాయి. పెళ్ళిలో ఫోటో తీసేవాడు "ఇటు చూడండమ్మా" అంటే అందరూ చూసినట్టు.

మానిటర్లు. చేరిన రోజున నాకూ వింతగానే అనిపించి, తర్వాత అలవాటైపోయిన మానిటర్లు. రంగనాథ్ గారు అంతకుముందు పెట్టిన కంపెనీ ఏదో మునిగిపోయిందట. అందుకని ఇక్కడికి ముందుగా వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. హాల్లో ఉత్తరం గోడకి ఒక పొడుగాటి బల్ల, దక్షిణం గోడకి ఒక పొడుగాటి బల్ల అప్పటికే బిగించేసి ఉన్నాయి. వాటి ముందు కూర్చుంటే సగం మంది ముఖాలు దక్షిణానికి ఉంటాయి. యముడి దిక్కు చూస్తూ రోగుల గురించి రాస్తే కంపెనీ నిలుస్తుందా, అందరూ తూర్పు ముఖంగానే పనిచెయ్యాలి అన్నాడట సిద్ధాంతి. బల్లలు పీకితే గోడల్లోంచి వచ్చిన వైర్లన్నీ మళ్ళీ లాగాలి. అందుకని రంగనాథ్ గారు మధ్యేమార్గం కనిపెట్టారు. బల్లలు కదపకుండా మానిటర్లని మాత్రం తూర్పు పక్కకి జరిపించి అడ్డంగా తిప్పించారు. వాటిని చూడాలంటే మా ముఖం తూర్పుకి తిరగాల్సిందే. కీబోర్డు మాత్రం గోడవైపే. పెడల్ బల్ల కిందే. అలా మేం ఉత్తరం వరస వాళ్ళం కుడికి, దక్షిణం వరస వాళ్ళు ఎడమకి మెడ తిప్పి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సూర్యుడున్నా లేకపోయినా తూర్పుకి చూస్తున్నాం.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. మా ఇంటి ప్లాను గీసినప్పుడు వంట చేసేవాళ్ళ ముఖం తూర్పుకి ఉండాలని మావారూ, మేస్త్రీ, నల్లగండ్ల సిద్ధాంతీ కలిసి ఒక పూటంతా చర్చించారు. కాఫీలు అందించింది నేను. ఆ వంట చేసేది నేనే. నా ముఖం ఎటుండాలో అందరికీ పట్టింది, ఆ ముఖం కింద ఒక మెడ ఉంటుందని అక్కడా ఇక్కడా ఎవరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళబోతుండగా నా మానిటర్ని రెండు చేతులతో పట్టుకుని కీబోర్డుకి ఎదురుగా జరిపాను. అంతే. చాలా చిన్న పని. పెద్ద తప్పేదో చేస్తున్నట్టు తలుపు వైపు ఒకసారి చూసుకున్నాను. మర్నాటి నుంచి గోడకి ఎదురుగా కూర్చుని, ఎదురుగా చూస్తూ పనిచేశాను. మెడపట్టీ తీసి సంచీలో పడేశాను. ఒక రోజులో ఏమీ కాలేదు. వారం తిరిగేసరికి పొద్దున లేవగానే ఉండే పట్టు వదిలింది. ఒక ఆదివారం పక్కింటి పిల్ల ఎడమవైపు నుంచి పిలిస్తే "ఏమ్మా" అంటూ చూశాను. చూశాక తెలిసింది, మెడ తిప్పానని. ఆ పిల్లకి అర్థం కాకుండా నవ్వాను.

రేఖకి చెప్పాను. "గోడకి ఎదురుంగ అంటే నాకు దక్షిణం అయితది గదక్కా" అని ఒక రోజు భయపడింది. మర్నాడు తనే తిప్పేసుకుంది. "యముడు వస్తే రానీ, ముందు మెడ నొప్పి దిగనీ" అంది. తర్వాత అందరూ తిప్పుకున్నారు. రంగనాథ్ గారి కారు కింద హారన్ కొడుతుంది, వాచ్‌మన్ గేటు తీస్తాడు, ఆయన మెట్లెక్కి వస్తారు. ఈలోగా మేం మానిటర్లన్నీ మళ్ళీ తూర్పు పక్కకి తిప్పేసేవాళ్ళం, మగాళ్ళు రాగానే కొంగు సర్దుకున్నట్టు. ఇంట్లో మాత్రం మెడ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. మావారు ఒకటో తారీఖు గురించి మళ్ళీ రెండుసార్లు అన్నారు. నేను మళ్ళీ రెండుసార్లు ఊరుకున్నాను.

ఒకరోజు రంగనాథ్ గారు కారు రిపేరుకిచ్చి ఆటోలో వచ్చారు. హారన్ లేదు. మేం తలెత్తేసరికి హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూస్తే నిజంగా జాలేసింది. కళ్ళెదురుగా ఒక వరస వరసంతా నిమ్మళంగా దక్షిణం చూస్తూ రోగాల గురించి రాసుకుంటోంది. "ఎవరు తిప్పారివి?" అన్నారు. అందరం కీబోర్డులకేసి చూశాం. "ఎవరమ్మా తిప్పింది? ఒక కంపెనీ పోగొట్టుకుని వచ్చినవాణ్ణి నేను. ఇది కూడా ముంచుదామనా?"

లేచి నిలబడ్డాను. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ బిందె, గోడ. "నేనే సార్, మొదట తిప్పింది" అన్నాను. వెనక నుంచి రేఖ గొంతు వినిపించింది. "అక్క ఒక్కతే కాదు సార్. మేమందరం తిప్పుకున్నం. మెడలు పోతున్నయి." ఆయనకి అర్థం కాలేదు. నా కుర్చీ వెనక్కి లాగి, "ఒక్కసారి మీరు కూర్చుని చూడండి సార్" అన్నాను. మానిటర్ని ఆయన పెట్టించిన చోటికే మళ్ళీ జరిపాను.

ఆయన కూర్చున్నారు. కూర్చుంటూనే ఆ తిరిగే కుర్చీని మొత్తం తూర్పుకి తిప్పేసి, కాళ్ళు చాపుకుని, "ఇదుగో, హాయిగానే ఉందిగా. నొప్పేదీ?" అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది, ఆయనకి ఈ సంగతి ఎందుకు తెలియలేదో. చూడ్డం ఒక్కటే పనైతే ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. "చేతులు కీబోర్డు మీద పెట్టండి సార్. పాదం పెడల్ మీద పెట్టండి" అన్నాను. ఆయన పాదం గోడవైపుకి వెళ్ళింది, చేతులు గోడవైపుకి వెళ్ళాయి, కుర్చీ వాటితోపాటు గోడవైపుకి తిరిగింది. మెడ ఒక్కటే తూర్పున మిగిలింది. హెడ్‌ఫోన్ పెట్టి ఒక పెద్ద డిక్టేషన్ వినిపించాను. కాసేపటికి ఆయన చెయ్యి దానంతటదే మెడ ఎడమవైపుకి వెళ్ళింది. మా వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నొప్పి ఉంటుంది, కాదనను" అన్నారాయన లేచి. "కానీ సిద్ధాంతి గారు చెప్పింది కాదని ఎలా చేస్తాం?"

"సిద్ధాంతి గారు తూర్పుకి తిరగమంది మనిషినా సార్, మెడనా?"

ఆయన ఆలోచించారు. "మనిషినే."

"మరి మేమెవరమూ తిరగలేదు కదండీ. మా మోకాళ్ళు ఉత్తరానికి ఉన్నాయి. వీళ్ళ మోకాళ్ళు మొదట్నుంచీ దక్షిణానికే ఉన్నాయి."

ఆయన వంగి రేఖ వాళ్ళ బల్ల కిందికి చూశారు. వరసగా ఆరు జతల మోకాళ్ళు యముడి దిక్కుకి తిరిగి ఉన్నాయి. ఆయన ముఖం పాలిపోయింది. మా నొప్పి కదిలించలేని మనిషిని ఆ మోకాళ్ళు కదిలించాయి. బాధనిపించింది, నిజం చెప్పొద్దూ. కానీ పని జరిగే దారి అదే అయితే ఆ దారినే పోదామనుకున్నాను. "బల్లలు పీకిద్దాం. అందరినీ పూర్తిగా తూర్పుకి కూర్చోబెడదాం. వైర్ల సంగతి నేను చూసుకుంటాను" అన్నారాయన. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

మెట్లవైపు రెండడుగులు వేసి ఆయన ఆగారు. నావైపు చూసి మెచ్చుకోలుగా నవ్వారు. "అయినా పోయేదానివి నీకెందుకమ్మా ఇంత శ్రమ? మీవారు ఫోన్ చేశారుగా, ఒకటో తారీఖు నుంచి నువ్వు రావని. మెడనొప్పి అని చెప్పారు. నీ చోట్లోకి మనిషిని చూస్తానని నేనూ అన్నాను."

పన్నెండు మందిలో పదకొండు మంది నావైపు చూశారు. నేను మానేస్తున్న సంగతి లోకంలో అందరికంటే ఆఖర్న నాకు తెలిసింది. కోపం గొంతుదాకా వచ్చి, అక్కడ నా పాడు గుణానికి తగిలి ఆగింది. ఆయన ఫోన్లో ఏమని ఉంటారు? నా పేరు చెప్పారా, మా ఆవిడ అన్నారా? ఈ మధ్య ఎలా ఉంది అని రంగనాథ్ గారు అడిగితే ఏం చెప్పారు? ఎడమవైపా కుడివైపా అని అడిగితే చెప్పగలిగేవారా?

"నేను మానేయడం లేదు సార్" అన్నాను.

"మరి మీవారు..."

"ఆయన ఇక్కడ పనిచేయడం లేదు కదండీ."

రేఖ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. రంగనాథ్ గారు "సరే, మీ ఇంటి సంగతి మీరు చూసుకోండి. వస్తానంటే నాకేమమ్మా, రా" అని దిగి వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్ళేసరికి మావారు కాఫీ తాగుతూ ఇంటి ప్లాను చూసుకుంటున్నారు. అత్తయ్య ముందుగదిలో వత్తులు చేసుకుంటున్నారు. నేను చెప్పులు విప్పి, సంచీ దించి, ఇద్దరికీ కనిపించేలా నిలబడి, "నా మెడ తగ్గిపోయింది" అన్నాను. కుడివైపుకి తిప్పాను. ఎడమవైపుకి తిప్పాను. చిన్నపిల్లలా మళ్ళీ ఒకసారి తిప్పి చూపించాను.

ఇన్నాళ్ళూ ఇంట్లో ఎందుకు చెప్పలేదో ఆ నిమిషంలో నాకు తెలిసింది. మావారి ముఖం వాడిపోయింది. పరీక్ష పోయిందన్న కబురు విన్నట్టుగా. "ఎప్పుడు తగ్గింది?" అన్నారు. తగ్గి చాలా రోజులైందన్నాను. "మళ్ళీ రాదని ఏముంది? ఇలాంటివి తిరగబెడతాయి" అన్నారు. ఆశగా అన్నట్టుంది నాకు. నేను ఊరుకునేసరికి అసలు మాట బయటికొచ్చేసింది. "మరి గోడలకి నీళ్ళెవరు పడతారు?"

ఇన్నాళ్ళూ ఆయనకి కావలసింది నా మెడ కాదు, అందులోని నొప్పి. అది పోతే ఆయన చేతిలో ఏమీ లేదు. ఏడవాలనిపించలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని మొదటిసారి సరిగ్గా చూసినట్టుంది, అంతే.

అప్పుడు అత్తయ్య చేతిలోని పత్తి పళ్ళెంలో పెట్టేసి, "అసలెలా తగ్గిందే?" అన్నారు. వెటకారం లేదు ఆ గొంతులో. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆవిడ ఒక్కరే. నేను వెళ్ళి ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చున్నాను. పత్తిపళ్ళెం కీబోర్డు అనుకోమన్నాను, దీపపు కుందిని పక్కకి పెట్టి ఇది తెర అనుకోమన్నాను. ఆవిడ పళ్ళెం మీద చేతులు పెట్టి, మెడ తిప్పి కుందిని చూస్తూ, "అబ్బ, ఇలా రోజంతానా?" అన్నారు.

"ఆ గోల తర్వాత చెప్పుకోండి" అన్నారు మావారు, ప్లాను చుట్టేస్తూ. "రంగనాథ్ గారికి నేను మాటిచ్చాను ఉమా. మా ఊరి మనిషి. ఇప్పుడు కాదంటే ఆయన ముందు నా మాటకి విలువేం ఉంటుంది?"

"మీరిచ్చింది మీ మాట కాదండీ, నాది" అన్నాను. "మధ్యాహ్నం ఆయన దగ్గర వెనక్కి తీసేసుకున్నాను."